జాబితాలోని అపరిచితులు

ఈ మధ్య మా యింట జరిగిన ఒక సంగతిని సంఘ సభ్యుల ముందుంచుట నా విధి యని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఇందులో చెప్పుకొనదగిన గొప్ప యేమియు లేదు. ఉన్నదంతయు నా తొందరపాటే. అయినను ఒకని తప్పు నలుగురికి పాఠము కాగలిగినపుడు దానిని దాచుకొనుట మంచిది కాదు. నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి కొట్టులో కూర్చున్నవాడను. సాంకేతిక విషయములను పండితునివలె చెప్పజాలను. నాకు తెలిసిన పద్దుల భాషలోనే చెప్పెదను.

జార్జిటౌనులో మాది తాతగారి నాటి యిల్లు. క్రింద పప్పుధాన్యముల కొట్టు, మొదటి అంతస్తున మా కాపురము. ఆ పైన రైల్వే ఉద్యోగము చేసి విరమించిన ఒక తమిళ పెద్దమనిషి కుటుంబము 14 ఏండ్లుగా అద్దెకున్నది. ఇటువంటి యిండ్లు మనలో చాలమందికి కలవు. గోడకు గోడ ఆనియుండును. ఒక యింటి పోపు వాసన నాలుగిండ్లకు తెలియును. వైఫై తరంగములును అట్లే గోడలు దాటి పోవును. మేము కొట్టునకు, ఇంటికి కలిపి ఒకే ఇంటర్నెట్టు కనెక్షను తీసికొన్నాము. బిల్లులు వ్రాయు కంప్యూటరు మొదలుకొని మా అమ్మగారు భజనలు వినెడు ఫోను వరకు సమస్తము ఆ ఒక్కదాని మీదనే నడచుచున్నవి.

ఒకనాటి సాయంకాలము కొట్టులో రద్దీగా నున్న వేళ బిల్లుల కంప్యూటరు మాటిమాటికి ఆగిపోవుచుండెను. కళాశాలలో చదువుచున్న మా అబ్బాయిని పిలిచితిని. వాడు రౌటరు లోపలి పుట తెరచి, “నాన్నా, మన వైఫైలో 19 పరికరములున్నవి” అనెను. ఇంటిల్లిపాది కూర్చుండి వ్రేళ్లపై లెక్కించితిమి. ఇంటివారి ఫోనులు 5. టీవీ, లాప్‌టాపు, బిల్లుల కంప్యూటరు, ప్రింటరు, కెమెరాల రికార్డరు కలిసి 5. కొట్టులోని పనివారి ఫోనులు 2. మొత్తము 12. మిగిలిన 7 ఎవరివి? వానిలో రెండింటికి ‘ఎస్ప్రెసిఫ్’ అనియు, ఒకదానికి ‘హోన్ హై’ అనియు పేర్లుండెను. తక్కిన వానిలో కొన్నింటికి పేరే లేదు; అంకెలు, అక్షరములు కలిసిన పొడుగాటి సంఖ్య మాత్రమే కలదు. ఎన్నడును వినని ఆ చీనా పేర్లు చూచి మా యింటి ఆడువారు భయపడిరి. నాకు కోపము వచ్చెను.

ఆ కోపములో నా మనస్సు వెంటనే పై యంతస్తు మీదికి పోయినది. ఆ పెద్దమనిషి మనుమడు ఇంజనీరింగు విద్యార్థి. క్రిందటి సంవత్సరము వారి కనెక్షను చెడినపుడు పరీక్షలని చెప్పి ఒకరోజు పాస్‌వర్డు అడిగి తీసికొనెను. వాడే తన స్నేహితులకందరికి పంచి యుండునని నిశ్చయించుకొంటిని. మరునాటి యుదయము మెట్ల దగ్గర ఆ పెద్దమనిషి కనబడగానే, “అడిగిన ఇచ్చియుందును గదా సార్, అడుగకుండ వాడుకొనుట న్యాయమా?” అంటిని. ఆయన విషయము విని, నా ముఖము చూచి, “తంబీ, 14 ఏండ్లలో నీ యింట ఒక చీపురుపుల్లనైనను నీకు చెప్పక తీసికొంటిమా?” అని మాత్రమే అని లోపలికి వెళ్లెను.

ఆ మాట నన్ను రాత్రియంతయు నిద్రపోనీయలేదు. సరకు నిల్వలో ఒక బస్తా తగ్గినచో నేనేమి చేయుదును? ముందు చిట్టా చూతును, తరువాత ఆవర్జా చూతును, గిడ్డంగిలో మూటలు స్వయముగా లెక్కింతును. కూలివానిని దొంగ యనుట అన్నిటికంటె చివరి మాట. కొట్టులో పాటించు ఈ ధర్మమును ఇంటిలో ఏల మరచితిని? మరుసటి దినము నుండి నేనును మా అబ్బాయియు కాగితము, కలము తీసికొని ఒక్కొక్క పరికరమును వెదకుట ప్రారంభించితిమి. మూడు దినములు పట్టినది. ఆ మూడు దినములలో నేర్చినది ఇక్కడ వరుసగా చెప్పుచున్నాను. ఏలయన ఇట్టి జాబితా నేడు మీ యింటిలోను కలదు. మీరు దానిని ఇంకను చూచియుండరు, అంతే భేదము.

ముందుగా రౌటరు చేయు పని తెలిసికొనవలెను. అది సత్రపు గుమాస్తా వంటిది. లోపలికి వచ్చిన ప్రతి పరికరమునకు ఒక గది సంఖ్య ఇచ్చి, ఆ సంగతిని తన పుస్తకములో వ్రాసికొనును. ఆ పుస్తకమును మనము చూడవచ్చును. రౌటరు అడుగున అంటించిన చీటీలో దాని చిరునామా, ప్రవేశపు పేరు ముద్రించియుండును; చిరునామా సాధారణముగా 192.168.1.1 అనియో, 192.168.0.1 అనియో యుండును. ఇంటి వైఫైలో ఉన్న ఫోనులోగాని కంప్యూటరులోగాని ఆ అంకెలను కొట్టినచో రౌటరు పుట తెరచుకొనును. అందులో కలిసియున్న పరికరముల జాబితా కనబడును. ఫింగ్ వంటి ఫోను ఆప్‌లు కూడ ఇదే జాబితాను చూపును.

జాబితాలో ప్రతి పరికరమునకు ఎదురుగా 12 అక్షరముల గుర్తింపు సంఖ్య యొకటి యుండును. అంకెలు గాక ఇంగ్లీషు అక్షరములలో ఎ మొదలు ఎఫ్ వరకు గలవియు అందులో వచ్చును. ఈ సంఖ్య మన వ్యాపారస్థులకు కొత్త కాదు. జి.ఎస్.టి. సంఖ్యలో మొదటి రెండంకెలు చూచి సరకు పంపినవాడు ఏ రాష్ట్రమువాడో చెప్పుదుము గదా. 33 అయిన తమిళనాడు, 37 అయిన ఆంధ్రప్రదేశ్, 36 అయిన తెలంగాణ. అట్లే ఈ 12 అక్షరములలో మొదటి ఆరును తయారుచేసిన కంపెనీని తెలుపును. ఆ ఆరక్షరములను కంపెనీలకు ఐ.ఇ.ఇ.ఇ. అను అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ కేటాయించును. ఏ ఆరు ఎవరివో చెప్పు పట్టికలు ఎల్లరకును అందుబాటులో నున్నవి.

అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. ఆ పేరు పెట్టెమీద కనబడు కంపెనీది కాక, లోపలి వైఫై భాగమును చేసినవానిది కావచ్చును. మనము సంచిమీద మన కొట్టు ముద్ర వేసి అమ్మినను, లోపలి కంది ఏ మిల్లుదో వేరుగా నుండును గదా. ఎస్ప్రెసిఫ్ అనునది షాంఘైలోని చిప్పుల కంపెనీ. తక్కువ వెలకు దొరకు వైఫై బల్బులు, ప్లగ్గులు, స్విచ్చులు ఎన్నింటిలోనో దాని చిప్పులే యుండును. హోన్ హై యనునది మనకు బాగుగ తెలిసిన ఫాక్స్‌కాన్ కంపెనీ అసలు పేరు. మన నగరమునకు దగ్గరనున్న శ్రీపెరుంబుదూరులో ఫోనులు తయారు చేయుచున్నది వారే. మేము చీనా గూఢచారి యని భయపడిన పేరు ప్రతిదినము మన ఊరి యువతులను బస్సులలో పనికి తీసికొనిపోవు కంపెనీదని తెలిసి మా యింట నవ్వుకొంటిమి.

ఇక పేరు లేని పరికరముల సంగతి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుండియు, 2020లో వచ్చిన ఐఫోను వారి ఐ.ఓ.ఎస్. 14 నుండియు ఫోనులు తమ అసలు సంఖ్యను దాచి, ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క మారు సంఖ్య చూపుచున్నవి. దుకాణములలోను, విమానాశ్రయములలోను మన ఫోను సంఖ్యను పట్టుకొని మన జాడ తీయకుండుటకు చేసిన యేర్పాటిది, మంచిదే. కాని ఇంటి జాబితాలో మన ఫోనే మనకు పరాయిదిగా కనబడును. దీనికి గుర్తు సులభము: 12 అక్షరములలో రెండవది 2, 6, ఎ, ఇ లలో ఏదైనను అయినచో అది చాలవరకు ఇట్టి మారు సంఖ్యయే. అప్పుడు ఇంటిలోని ప్రతి ఫోనునందు వైఫై అమరికలు తెరచి, అందులో కనబడు సంఖ్యను జాబితాతో పోల్చి చూడవలెను.

అన్నిటికంటె నమ్మదగిన పద్ధతి మన సరకు లెక్క వంటిదే. ఒక్కొక్క పరికరమును ఆపుచు పోవలెను. కొన్ని నిమిషములు ఆగి జాబితాను తిరిగి చూచినచో ఏ వరుస మాయమగునో అదే ఆ పరికరము. దానికి రౌటరులోనే తెలియు పేరొకటి వ్రాసి పెట్టవచ్చును. అట్లు చేసియు తేలనిది మిగిలినచో రౌటరులో దానిని నిలిపివేయవలెను. ఇంటిలో ఏది పనిచేయుట మానునో చూడుడు, అదే సమాధానము. ఏదియు మానకున్నచో అది నిజముగా పరాయిది.

మా ఏడు లెక్కలు ఇట్లు తేలినవి. ఒక ఎస్ప్రెసిఫ్, స్నానపుగదిలో వేడినీటి యంత్రమునకు మా అబ్బాయి పెట్టిన ప్లగ్గు. రెండవది దీపావళికి వాడే పూజగదిలో బిగించిన రంగుల బల్బు. తానే పెట్టి తానే మరచెను. హోన్ హై వాని ఆటల యంత్రము. ఇంకొకటి వాని లాప్‌టాపే. తీగతో ఒకమారు, గాలితో ఒకమారు కలిసి రెండు వరుసలుగా నిలిచినది. రెండు మారు సంఖ్యలు నెల్లూరు నుండి వచ్చి ముందునాడే వెళ్లిన మా బావమరిది దంపతుల ఫోనులవి. కొన్ని రౌటర్ల పుస్తకములో వెళ్లిన అతిథుల పేర్లు కూడ కొంతకాలము మిగులును. దీనితో ఆరు తేలినవి.

ఏడవది నిజముగా ఇంటివారిది కాదు. అది సాయంకాలము 4 నుండి 6 లోపల మాత్రమే కనబడుచుండెను. మా కొట్టులో పనిచేసి ఆరు నెలల క్రిందట మానిన కుర్రవాని ఫోనది. ఇప్పుడతడు ప్రక్క కొట్టులో పనిచేయుచు ఆ వేళకు మా గుమ్మము దగ్గరి టీ దుకాణమున నిలుచును. పాత పాస్‌వర్డు గుర్తున్న ఫోను తనంతట తానే కలిసికొనుచుండెను. ఆ సంగతి అతనికే తెలియదు. తాళపుచెవి ఇచ్చినది మేము. పని మానినపుడు తిరిగి తీసికొనని వారమును మేమే.

పై యంతస్తు బాలుని ఫోను ఆ జాబితాలో లేనే లేదు. బిల్లుల కంప్యూటరు ఆగిపోవుటకు కారణము దాని తీగ వదులై యుండుట.

కథ ఇంతటితో ముగిసిన నవ్వి ఊరకుందుము. కాని లెక్క మొదలు పెట్టినవాడు చివరివరకు చూడవలెను. మేము మనవే యని ధైర్యముగా లెక్కించిన 12 పరికరములలో కెమెరాల రికార్డరు ఒకటి. నేను బయట ఊరికి వెళ్లినపుడు ఫోనులో కొట్టు చూచుకొనుటకై, దానిని అమర్చిన పనివాడు రౌటరులో బయటి నుండి ఒక ద్వారము తెరచి యుంచెను. రికార్డరునకు కార్ఖానాలో పెట్టిన పాస్‌వర్డే నేటికిని ఉండెను. అట్టి పాస్‌వర్డులు లోకమునకంతకు తెలిసినవి. అనగా రెండేండ్లుగా మా గల్లాపెట్టెను, మెట్లను, మధ్యాహ్నము మా అమ్మగారు నడుము వాల్చు వసారాను దూరదేశమున నున్నవాడైనను చూడవచ్చునన్న మాట. ఎవరైనను చూచిరా లేదా యనుట ఇక మాకెన్నటికిని తెలియదు. అపరిచితులని మేము భయపడినవి మన ప్లగ్గు, మన బల్బు, మన బంధువులు. మనదని నమ్మినదే తలుపు తెరచి పెట్టినది.

ఇది మా యొక్క యింటి కథ యని తలపవద్దు. 2016 అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైటులు గంటలకొలది నిలిచిపోయినవి. దానికి సాధనమైనది మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము. అది ఆక్రమించినవి ఇండ్లలోని కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లే. సుమారు 60 కార్ఖానా పాస్‌వర్డుల పట్టిక పట్టుకొని ఒక్కొక్క తలుపు తట్టుచు పోవుటయే దాని విద్య. మరుసటి యేడు, 2017 జూలైలో, మన దేశములోనే బి.ఎస్.ఎన్.ఎల్. చందాదారుల మోడెములు వేలకొలది ఇట్టి దాడికి లోనై పనిచేయుట మానినవి. మొదటి పాస్‌వర్డు మార్చని మోడెములే అట్లు చెడినవి. 2025 ఫిబ్రవరిలో గుజరాతులోని రాజకోటలో ఒక ప్రసూతి వైద్యశాల కెమెరాల దృశ్యములు దొంగిలింపబడి అమ్మకమునకు వచ్చిన వార్త మనమందరము చదివితిమి. ఆ తల్లుల మాన మర్యాదలు ఒక రికార్డరు పాస్‌వర్డు మీద ఆధారపడి యుండెనని తలచిన ఒడలు జలదరించును.

ఈ విషయమును మన సంఘములోని పెద్దలతో చెప్పినపుడు నాకు మూడు ప్రత్యుత్తరములు వచ్చినవి. వానికి నా అభిప్రాయము చెప్పవలసియున్నది.

మొదటిది ధర్మబుద్ధితో చెప్పినది: “ఎవరో పేద పిల్లవాడు మన వైఫై కొంచెము వాడుకొన్న తరిగిపోవునదేమి? వేసవిలో చలివేంద్రము పెట్టు కులము వారము మనము.” మంచి మాటయే. కాని చలివేంద్రము వీధిలో పెట్టుదుము. పడకగది తలుపు తెరచి పెట్టము. ఇచ్చుట వేరు, తెలియక పోగొట్టుకొనుట వేరు. 2008 జూలై 26న అహమ్మదాబాదులో బాంబులు ప్రేలుటకు కొన్ని నిమిషముల ముందు పత్రికల వారికి బెదిరింపు ఈమెయిలు వచ్చెను. అది నవీ ముంబయిలో అద్దె యింట నున్న ఒక అమెరికా దేశస్థుని కనెక్షను నుండి వచ్చినట్లు తేలినది. పోలీసులు ఆయన యింటికి వచ్చి ప్రశ్నించి కంప్యూటర్లను పరీక్షకు తీసికొనిపోయిరి. సరియైన రక్షణ లేని ఆయన వైఫైని ఇతరులు వాడిరని తరువాత తెలిసినది. కాని అంతవరకు ఆయన పడిన వేదన ఎవరు తీర్చగలరు? కనెక్షను ఎవరి పేర ఉండునో మొదటి ప్రశ్న వారినే అడుగుదురు. అట్టి ప్రశ్న మన యింటి గుమ్మమున వచ్చినచో, ఆ రోజున ఎవరెవరు కలిసియుండిరో చెప్పుటకు మన దగ్గర ఏ లెక్క కలదు?

రెండవ ప్రత్యుత్తరము ఓపిక లేని వారిది: “ఇంత వెదకులాట ఏల? పాస్‌వర్డు మార్చిన అందరును పోవుదురు గదా.” నిజమే, పోవుదురు, నేనును మార్చితిని. కాని రికార్డరు వంటి వానికి బయటి నుండి తెరచిన ద్వారము వైఫై పాస్‌వర్డు మార్చినంత మాత్రమున మూయబడదు. దానికి వేరు పాస్‌వర్డు, వేరు అమరిక. మరియు, పాస్‌వర్డు మార్చిన తరువాత ఒక్కొక్క పరికరమును తిరిగి కలుపునపుడైనను లెక్క వ్రాసికొననిచో ఆరు నెలలకు అదే జాబితా, అదే భయము.

మూడవది పెద్దవయస్సు వారిది: “ఇవి పిల్లలకు తెలిసిన పనులు, మాకెందుకు?” దీనికి నా సమాధానము ఖండితమైనది. పిల్లలు పరికరములను కలుపగలరు. కలిపినది మరచిపోవుట కూడ వారికే చెల్లును. పూజగది బల్బు సంగతి పైన చెప్పితిని. లెక్క వ్రాయుట, అడుగుట, ఏడాదికొకమారు సరిచూచుట పెద్దల పనియే. ఉగాదికి కొత్త పుస్తకము తెరచు అలవాటు గల మనకు ఇది ఎట్లు కష్టమగును?

కావున నేను కోరునది నాలుగు పనులు. మొదటిది, ప్రతి యింట ఒక చిన్న పుస్తకములో ‘యంత్రముల చిట్టా’ వ్రాయవలెను: పరికరము పేరు, ఏ గదిలో నున్నది, ఎవరు కలిపిరి, ఏ తేదీన, దాని 12 అక్షరముల సంఖ్య. కొత్త వస్తువు కొన్ననాడే వరుస చేర్చవలెను. పాతది పారవేసిననాడు కొట్టివేయవలెను. రెండవది, రౌటరు, కెమెరా, రికార్డరు, ఈ మూడింటి కార్ఖానా పాస్‌వర్డులను ఈ వారములోనే మార్చవలెను. కెమెరాలు అమర్చినవానిని పిలిచి బయటి నుండి తెరచిన ద్వారములేమైన ఉన్నవా యని అడుగవలెను. మూడవది, అతిథులకు, పనివారికి ఇచ్చుటకు రౌటరులో వేరుగా అతిథి వైఫై పెట్టించవలెను. ఇంచుమించు అన్ని కొత్త రౌటర్లలో ఆ సదుపాయము కలదు. పనివాడు మానిన దినమున జీతము లెక్క తీర్చినట్లే ఆ పాస్‌వర్డును మార్చవలెను. నాలుగవది, మన సంఘములోని యువకులు నెలకొక ఆదివారము ఒంటరిగా నున్న వృద్ధుల యిండ్లకు పోయి ఈ జాబితా చూచిపెట్టవలెను. పాస్‌వర్డును మాత్రము ఇంటివారే స్వయముగా కొట్టవలెను. సంఘము వారికైనను చెప్పనక్కరలేదు.

ఒక హెచ్చరిక. మేము ఇంటర్నెట్టు కంపెనీ వారము, మీ వైఫైలో దొంగ యున్నాడు, మేము చెప్పిన ఆప్ పెట్టుకొనుడు అని ఎవరైనను ఫోను చేసిన నమ్మవలదు. మన భయమే వారి పెట్టుబడి. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. యంత్రములలో దుష్ట ప్రోగ్రాములున్నవేమో చూచుటకు కేంద్ర ప్రభుత్వము వారు 2017లో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఉచితముగా సాధనములిచ్చుచున్నది. నిజముగా పరాయివాడు దురుద్దేశముతో చేరినట్లు తేలినచో చట్టము కలదు. యజమాని అనుమతి లేక కంప్యూటరు నెట్‌వర్కులో ప్రవేశించుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 43వ సెక్షను ప్రకారము తప్పు. కాని చట్టము పేరెత్తుటకు ముందు చిట్టా చేతిలో నుండవలెను.

చివరగా, నాకు అన్నిటికంటె ముఖ్యమని తోచిన మాట. తరతరములుగా ఈ నగరములో పుట్టి పెరిగిన మనలను ఎవరైనను “మీరు ఏ ఊరివారు?” అని అడిగినపుడు మనస్సులో చివుక్కుమను నొప్పి మనకందరకు తెలియును. జాబితాలో పేరు వేరుగా నున్నంత మాత్రమున పరాయివాడు కాడని చెప్పుకొనవలసిన వారము మనము. అట్టి మనమే తెలియని పేరు కనబడగానే ప్రక్క యింటివాని వైపు వ్రేలు చూపుట తగునా? వెదకుడు, తప్పక వెదకుడు. కాని మన యింటి గదులలో మొదలుపెట్టి వెదకుడు.

నేను నాలుగవ దినమున పండ్లు తీసికొని పై యంతస్తునకు వెళ్లి, జరిగినదంతయు చెప్పి, క్షమింపుమని అడిగితిని. ఆ పెద్దమనిషి కాఫీ యిచ్చి, “పోనీలే తంబీ, తప్పు తెలిసికొన్నావు, చాలు” అనెను. మనుమడు లోపలి గది నుండి బయటికి రాలేదు. పూర్వము మా కొట్టు మెట్లమీద కూర్చుండి మా అబ్బాయితో క్రికెట్టు మాటలాడెడువాడు, ఇప్పుడెదురైనను తల వంచుకొని పోవుచున్నాడు. వైఫై పాస్‌వర్డు మార్చుటకు నాకు ఒక నిమిషము పట్టినది. దీనికెంత కాలము పట్టునో చెప్పలేకున్నాను. సంఘ సభ్యులు ఎవరికిని ఇట్టి మెట్లు ఎక్కవలసిన అవసరము కలుగకుండుటకే ఇంత వ్రాసితిని.